ముప్పై దాకా

“ఇది రోజూ నొక్కుతూనే ఉంది మేడమ్, ఏం లాభం. మూడు నెలలైంది, కుడిచెయ్యి భుజం దాటి లేస్తే ఒట్టు,” అన్నాడు బల్లమీద బోర్లా పడుకున్న భర్త, పక్కన నిలబడ్డ భార్య గురించి.

ఫిజియోథెరపిస్టు అతని భార్య మీద విసుక్కుంది. “నేర్పించాను కదమ్మా. కండ ముడిపడిన చోట బొటనవేలు పెట్టి, ముప్పై లెక్కపెట్టేదాకా వదలకూడదని.”

“పది దగ్గర వదిలేస్తున్నానండీ,” అంది భార్య నేల చూపులు చూస్తూ.

“మరిచిపోయావా?”

“లేదండీ. గుర్తుంది.”

ఎంత మొద్దు మనిషి అనుకుంటూ ఫిజియోథెరపిస్టు తనే నొక్కింది. ఇరవై ఎనిమిది దగ్గర, వేలి కింద గులకరాయిలా ఉన్న ముడి మెల్లగా కరిగింది. తన పనితనానికి తనే మురిసిపోయింది.

భర్త లేచి కూర్చుని చెయ్యి పైకెత్తాడు. అది చెవి దాటి నిటారుగా లేచింది.

“చూశావా,” అన్నాడు భార్య వైపు తిరిగి, నవ్వుతూ.

భార్య అప్పటికే రెండు మోచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని గోడకు అంటుకుపోయింది.

అతను చొక్కా తొడుక్కోవడానికి తెర వెనక్కి వెళ్లాక, భార్య గొంతు తగ్గించి ఫిజియోథెరపిస్టును అడిగింది.

“మళ్లీ ఎన్నాళ్లకు పడుతుందండీ, ఆ ముడి?”