దిఫుంతా తల్లి దగ్గర సీసాల దొంగ

రండి రండి, దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు ఆపండయ్యా, నా గొంతు సగం ఇప్పటికే గాలికి పోయింది.

మన పటగోనియా గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. గొర్రె ఇక్కడ మేస్తుంటే దాని బొచ్చు పక్కూళ్ళో అమ్ముడైపోతుంది.

అలాంటి గాలిలో, మనిషి కనపడని రోడ్డు మీద, అన్సెల్మో బండి ఆగిపోయింది.

బండంటే ముసలి బస్సు. సీట్లు పీకేసి, మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ తన చేత్తోనే బిగించి ఇల్లు చేశాడు. మేకు దొరక్కపోతే కట్టుతీగ. కట్టుతీగ ఆగకపోతే ఇంకాస్త కట్టుతీగ.

బానెట్లోంచి పొగలు.

"ఏమైంది?" పెళ్ళాం నెలిదా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏం లేదు. కాస్త ఊపిరి పీల్చుకుంటోంది."

"చూడు, అన్సెల్మో. పొద్దుగూకేలోగా ఇది కదల్లేదనుకో, వచ్చిన మొదటి బస్సెక్కి మా ఊరు రొసారియో పోతా. నువ్వూ నీ రేకుడబ్బా కాపురం చేసుకోండి."

ఆవిడ అందంటే చేస్తుంది. ఊరంతా వద్దంటున్నా అన్సెల్మోని చేసుకుంది కూడా అలాగే.

రేడియేటర్ గొట్టం చీలింది. సైకిల్ ట్యూబు కోసి చుట్టి, పైన తీగ బిగించాడు. ఫ్యాను బెల్టు తెగింది. నెలిదా పొడుగు మేజోడు తెచ్చి ముడేశాడు.

"అది నేను పెళ్ళిళ్ళకి వేసుకునేది."

"ఇకనుంచి ఇంజను వెళ్తుందిలే పెళ్ళిళ్ళకి."

అంతా కుదిరింది. పొయ్యడానికి నీళ్ళే లేవు. ట్యాంకుకి ఆయనగారు స్వయంగా పెట్టిన కుళాయి, వెనకెక్కడో బండి గుంతలో పడ్డప్పుడే ఊడిపోయింది. నీళ్ళన్నీ రోడ్డు తాగేసింది. ఫ్లాస్కులో మాతే టీకి దాచుకున్న నీళ్ళు కూడా పోసి చూశాడు. రేడియేటర్‌కది ఒక్క గుక్క. నెలిదాకి మాత్రం అంతకన్నా పెద్ద ద్రోహం లేదు.

తమాషా ఏంటంటే, పక్కనే వందల సీసాల నీళ్ళున్నాయి.

దిఫుంతా తల్లి గుడి అది. ఎడారిలో దాహంతో పోయిన తల్లి. చంటిబిడ్డ మాత్రం ఆవిడ రొమ్ము పట్టుకునే బతికాడట. అందుకే దారినపోయేవాళ్ళు ఆవిడకో సీసా నీళ్ళు పెట్టి పోతారు.

అన్సెల్మో అటు చూశాడు.

"చెయ్యి పెట్టావో, విరిచేస్తా," అంది నెలిదా. "నీళ్ళు లేక పోయినమ్మ దగ్గర నీళ్ళు లాక్కుంటావా?"

అప్పుడే ఒక పాత పికప్ వ్యాను వచ్చి ఆగింది. ముసలాయన దిగాడు. తిన్నగా గుడి దగ్గరికెళ్ళి ఒక సీసా తీశాడు. ఎండకి పట్టి చూసి, నేలమీద పారబోశాడు. ఇంకోటి తీశాడు.

"చూశావా, పట్టపగలు దొంగతనం," అంది నెలిదా.

అన్సెల్మోకి కోపం కన్నా వింత ఎక్కువైంది. దొంగయితే నీళ్ళు పట్టుకుపోవాలి గానీ పారబోస్తాడేంటి? వ్యాను వెనక నీలం డ్రమ్ములున్నాయి, మూతలు బిగించి. వాటిలో ఏముంది?

"ఉండు, అడిగొస్తా."

ఆలోపే నెలిదా పెనం పట్టుకుని దిగింది.

"ఏం ముసలోడా, సిగ్గులేదూ?"

ముసలాయన టోపీ తీశాడు. లేచి ఉన్న బానెట్ వైపు చూశాడు.

"బండికి నీళ్ళు కావాలా తల్లీ? తీసుకోండి. ఆవిడేమీ అనుకోదు."

"ఆవిడ తరఫున చెప్పడానికి నువ్వెవరు, ఆవిడ మరిదివా?"

"కాదు తల్లీ. అసలివి..."

పెనం లేచింది. ముసలాయన వెనక్కి నడిచాడు. వ్యానెక్కుతూ అన్సెల్మోతో మాత్రం ఒక మాటన్నాడు.

"ఏమైనా సరే, నడిచి మాత్రం పోవద్దయ్యా."

దుమ్ము రేపుకుంటూ పోయాడు.

చాలాసేపటికి ఉన్ని లారీ ఒకటొచ్చింది. నడిపేవాడి పేరు వాల్దినో. పక్కన వాళ్ళత్తగారు, ఒళ్ళో కోడి. నీళ్ళ మాట అడగకముందే నెలిదా దొంగని తరిమిన కథ చెప్పేసింది.

వాల్దినో మొహం మాడిపోయింది.

"నీలం డ్రమ్ముల వ్యానా? ఆయన దొంగేంటమ్మా. డాన్ ఎవారిస్తో. సీసాల్లో నీళ్ళు ఎండకి నాచు పడతాయి. అవి పారబోసి, కడిగి, తన బావి నీళ్ళు తెచ్చి నింపుతాడు. ఇక్కడ ఆగిపోయిన ప్రతి బండీ తాగింది ఆయన నీళ్ళే."

"మరి ఆ ముక్క చెప్పొచ్చుగా," అంది నెలిదా.

"నువ్వు చెప్పనిచ్చావా?" అన్నాడు అన్సెల్మో. ఆవిడ పెనం వెనక్కి దాచుకుంది.

"నడిచి పోవద్దన్నాడు. ఎందుకంటావ్?" అని వాల్దినోని అడిగాడు అన్సెల్మో.

వాల్దినో సీసాల వైపు చూశాడు.

"ఆయన తమ్ముడి బండి ఇక్కడే ఆగింది, మీకులాగే ఎండిపోయి. చుట్టూ నిండు సీసాలే. తల్లి సొత్తని ఒక్కటీ ముట్టుకోలేదు. నీళ్ళు వెతుక్కుంటూ నడిచిపోయాడు. తిరిగి రాలేదు."



నెలిదా రోడ్డు మీదికి పరిగెత్తింది. ఎటు చూసినా మట్టిదార్లే. ముసలాయన వ్యాను ఏ దారిన పోయిందో, చక్రాల గుర్తులు గాలి ఎప్పుడో తుడిచేసింది.

వెనక్కొచ్చి, తనే ఒక సీసా తీసి ముద్దు పెట్టుకుని రేడియేటర్లో పోసింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఇంజను దగ్గింది, మూలిగింది, మేజోడు తిరిగింది.

"రొసారియోకేనా?" అన్నాడు అన్సెల్మో భయంభయంగా.

"నోర్మూసుకుని పోనివ్వు. ముందు నీళ్ళు దొరికే ఊరు చూడు. ఈ సీసాలు నింపి తెచ్చి పెట్టాలి."

లారీ కిటికీలో అత్తగారు కోడిని సర్దుకుంటూ కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నాళ్ళూ ఆ తల్లే తాగుతోందనుకున్నా నాయనా. నిమ్మకాయ సోడా పెట్టినప్పుడల్లా సీసా ఖాళీ అయిపోతుంటే, పాపం తల్లికి అరగట్లేదేమో, అందుకే సోడా తాగేస్తోంది అనుకున్నా."