రెండో చరణంలో దగ్గు

"మీ ఫోన్ నిండిపోయింది అత్తయ్యా. డబ్బులు పోసి కొన్న ఈ పాట తీసేస్తున్నా. యాప్‌లో ఊరికే వస్తుందిగా," అంది కోడలు.

"దాని జోలికి పోకు," అంది అత్తగారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"యాప్‌లోదే నయం. మీరు కొన్నదాంట్లో రెండో చరణం మధ్యలో ఎవరో దగ్గారు. యాప్‌ వాళ్లు ఆ దగ్గు తీసేసి, పాటను శుభ్రం చేశారు."

"తీసేస్తున్నారని తెలిసే పాతది కొనిపెట్టుకున్నాను. దగ్గింది నేనే."

కోడలి వేలు ఫోన్ మీద ఆగిపోయింది.

"కోరస్‌లో ఇరవైమందిమి పాడాం. ఆ దగ్గుతో నా పాటకు మంగళం పాడారు. మళ్లీ ఎవరూ పిలవలేదు."

"మరి అలాంటిది దాచుకోవడం ఎందుకు అత్తయ్యా?"

అత్తగారు ఇంకో కాయ అందుకుంది.

"అంతమందిలో నా గొంతేదో నాకే తెలీదు. ఇది నేనని చెప్పగలిగేది ఆ దగ్గొక్కటే."