పౌరసత్వం వచ్చిన రోజు

"శుభవార్తమ్మా! మీకు పౌరసత్వం వచ్చేసింది," అన్నాడు కౌంటరు వెనక అధికారి.

బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఆమె రెండు చేతులూ జోడించింది. ఈ మాట కోసం ఏళ్ళ తరబడి ఇదే కిటికీ దగ్గర ఎంతమంది కాళ్ళావేళ్ళా పడిందో!

"మరి మా అమ్మాయికండీ?" అంటూ పక్కనున్న కూతుర్ని చూపించింది.

"దరఖాస్తు పెట్టినప్పుడు మైనరు కాబట్టి మీతోపాటే వచ్చేది. పోయిన నెల మేజరైపోయింది. ఇక కుదరదు. దేశం వదిలి వెళ్ళాల్సిందే."

"ఎక్కడికని వెళ్తుంది సార్? పుట్టిన దేశంలో మాకెవరూ లేరు. అది నడక నేర్చుకుంది ఇక్కడే. అయినా ఆలస్యం చేసింది మీరే కదండీ!"

"రూలు అలా ఉందమ్మా. నేనేం చెయ్యను?"

కూతురు కౌంటరు మీదున్న పౌరసత్వం కాగితాన్నీ, కలాన్నీ తల్లి ముందుకు జరిపింది. "సంతకం పెట్టెయ్యమ్మా. నా తిప్పలేవో నేను పడతాను."

తల్లి కలం అందుకోలేదు.

"నాకొద్దంటే ఏమవుతుంది సార్?"

"మీకూ ఇక్కడుండే హక్కు పోతుంది. మీరూ వెళ్ళిపోవాలి."

ఆమె కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇద్దర్నీ ఒకే రోజు పంపిస్తారా?" అని అడిగింది.