నత్తకు మర్యాదలు

ఒక గాజుతొట్టిలో పిడికెడు ఉప్పు సముద్రం ఉండేది. పట్టించుకునేవాళ్లు లేక అదంతా పాచి పట్టింది. వెలుతురందక అందులో పెరిగే పగడం చావుకు దగ్గరైంది. చివరికి యజమాని మేలుకుని, పాచి తినడానికి ఒక నత్తను తెచ్చి వదిలాడు.

తొట్టిలోనే ఉండే చారల చేప మనసు ఊరుకోలేదు. "ఎంత దూరం నుంచి వచ్చిందో పాపం, వచ్చీరాగానే పాచి పెడతామా!" అని తన మేతంతా నత్తకే పెట్టింది. నత్త సుబ్బరంగా తిని పడుకుంది. రోజూ ఇదే తంతు.

"అక్కా, నీ మర్యాదలు మండిపోను! నా దినం భోజనాలు కూడా దీనికే పెట్టేలా ఉన్నావు," అంది పగడం.

చేప బెదిరిపోయి మేత ఆపింది. కడుపు కాలేసరికి నత్త పాచి మీద పడింది. అది నాకిన చోటల్లా వెలుతురు దిగింది. పగడం ఒళ్లు విరుచుకుంది.

చేప మాత్రం ఉండబట్టలేక నత్త వెనకే తిరిగింది. "ఆ మూలది కూడా వేసుకోమ్మా, మొహమాటపడకు. ఉప్పు సరిపోయిందా?"