బోర్డు మారదన్నాడు

కొత్త సర్క్యూట్ బోర్డు మీద ఆమె రాసిన కెర్నెల్, అంటే యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం, లేవలేదు. భర్త మాట నమ్మి, పాత బోర్డు చిప్‌ల వివరాలన్నీ కంపైల్ చేసేటప్పుడే, తర్వాత మారే వీల్లేకుండా, అందులో బిగించేసింది మరి.

"బోర్డు మారదని ఒట్టేసి చెప్పావు కదా!"

"నాకేం తెలుసు? ఉన్నట్టుండి మార్చారు," అన్నాడతను పక్క సీట్లోంచి.

మేనేజర్ తలుపు తోసుకుని వచ్చాడు. "మీ ఆయన కెర్నెల్ చిటికెలో లేచిందమ్మా! ఏ చిప్‌లున్నాయో ఎప్పటికప్పుడు బోర్డునే అడిగి తెలుసుకుంటోంది. మీ ఇద్దరిలో లీడ్ పోస్టు ఆయనకే. అయినా బోర్డు మారుతోందని మీకూ చెప్పమని ఆయనతో అన్నాను కదా, వేసవిలోనే!"

అతను కీబోర్డు మీద లేని దుమ్ము దులుపుతున్నాడు.

మేనేజర్ వెళ్లాక గొణిగాడు. "ఇంటికెళ్లాక అంతా చెబుతాను. నన్ను నమ్ము."

"నీ మీద నమ్మకాన్ని పెళ్లినాడే బిగించేశాను," అందామె లాప్‌టాప్ మూసేస్తూ. "ఇకమీదట పూటపూటా అడిగి చూసుకుంటాను."