చావు దరువు

దుఃఖాన్ని పుట్టగానే పీల్చేసే మణికట్టు పట్టీలు వచ్చాక, చావు జరిగిన ఇళ్ళలో ఏడుపు పోయింది. శవం ముందు డప్పు కొట్టే నా బతుకూ పోయింది. ఏడో తరగతితో బడి మానినవాడిని, ఇంకేం చేస్తాను? కౌన్సెలర్ శిక్షణలో చేరాను. అక్కడ నేర్పేది ఒక్కటే, బాధతో వచ్చినవాళ్ళ పట్టీ ఇంకాస్త బిగించడం.

పరీక్ష రోజున నా దగ్గరికి నూకరత్నం వచ్చింది. ఈమధ్యే కొడుకు పోయాడట.

"పట్టీ తీసి పారేశాను తమ్ముడూ. అయినా ఒక్క చుక్క రాట్లేదు. నేను తల్లినేనా? ఎలాగోలా ఏడిపించెయ్, నీకు దణ్ణం పెడతాను."

పాఠాలు పక్కనపెట్టి బల్ల మీద చావు దరువు కొట్టాను. ఆమె పెదవి వణికి ఆగిపోయింది.

"చేతులు బానే ఏడుస్తున్నాయి. మరి నీ కళ్ళో? నువ్వు ముందు ఏడు, చూసి నేర్చుకుంటా."

నా పట్టీ విప్పాను. నా భార్య సీతాలు పోయిన రోజు కూడా అది చేతికే ఉంది. ఆమెను తలుచుకుని వేళ్ళు వాచేదాకా కొట్టాను. ఇద్దరి కళ్ళూ పొడిగానే ఉన్నాయి.

గది అద్దం వెనక నుంచి నా పరీక్ష చూస్తున్న శిక్షణ మేడమ్ తలుపు తీసింది. "ఇద్దరూ ఎంత ప్రశాంతంగా ఉన్నారో! నువ్వు పాసయ్యావయ్యా," అంది.

నూకరత్నం నా చెయ్యి పట్టుకుని మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"ఆపకు తమ్ముడూ."