స్థానికుడి సంతకం

"విదేశంలో స్థిరపడాలంటే ముందు అక్కడి తిండి అలవాటు చేసుకోవాలి. అక్కడివాళ్లతో స్నేహం చేయాలి. మనవాళ్ల మధ్యే ముడుచుకుని కూర్చోకూడదు."

రిటైరయ్యాక థాయిలాండ్ వెళ్లి ఉండిపోదామని అనుకున్నప్పటి నుంచీ ఉద్యోగానికొచ్చి ఇల్లు కట్టుకున్న పటేల్‌గూడలో, పార్కులో నేను దంచే ఉపన్యాసం ఇది. ముప్పై ఏళ్లుగా భీమవరం నుంచి బస్సులో బియ్యం తెప్పించుకుని తింటున్న నరసరాజుని నేనే. వినేవాళ్లంతా మా ఫ్యాక్టరీవాళ్లే, అందరిదీ మా జిల్లానే.

వీసా ఏజెంటు ఒక ఫారం ఇచ్చాడు. ఇక్కడే పుట్టిపెరిగిన మనిషెవరైనా, నేను తనకు బాగా తెలుసని సంతకం చేయాలట. నాకు తెలిసినవాళ్లలో అలాంటివాడు ఒక్కడూ తేలలేదు. చివరికి పొద్దున్నే పాలు పోసే ఆయన గుర్తొచ్చాడు. నా ఫోనులో ఆయన పేరు 'పాలు'.

గేటు దగ్గర ఆపి, "నేను నీకు బాగా తెలుసని సంతకం పెట్టాలయ్యా" అన్నాను.

"ఎందుకు తెల్వదు సార్? మీరు ఇల్లు కట్టుకున్నదే మా జొన్నచేన్ల. గుండె ఆపరేషన్ అయినప్పటిసంది మీకు ఎన్న తీసిన పాలే పోస్తున్న గద" అంటూ నా చేతిలో పెన్ను తీసుకుని, నింపాదిగా సత్తయ్య అని రాశాడు.

అది చదివాకే ఆయన పేరు నాకు తెలిసింది.

ఫారంలో ఇంకో గడి మిగిలింది. సంతకం చేసిన వ్యక్తి మీకు ఎప్పటి నుంచి తెలుసు?

ఇవాళ్టి తేదీ వేశాను.